బతూల్ జుట్టు ఎవరి చేతిలో ఉంది?

గోడమేకుకు తగిలించిన గుడ్డసంచీ అక్కడే ఉంది, అందులో ఉండాల్సిన బతూల్ జుట్టు మాత్రం లేదు.

బతూల్ సంచీని తిరగేసి దులిపింది. రెండు పిన్నులు రాలాయి. విరిగిన దువ్వెన పన్ను ఒకటి రాలింది. అంతే.

"పిన్నీ!"

ఆ సలూన్ యజమానురాలు యమ్నా అప్పుడు గాయని మహ్జూబా తలకి జడలు అల్లుతోంది. నోటినిండా పిన్నులు. "ఊఁ?" అంది పళ్ళ మధ్యనుంచి.

"నా జుట్టు పోయింది."

"నెత్తిమీదే ఉందిగా."

"ఇది కాదు. బుధవారం తెగింది. సంచీలో దాచింది."

యమ్నా నోట్లోని పిన్నులు ఒక్కొక్కటిగా నేలమీద పడ్డాయి.

బయట సముద్రపుటొడ్డు ఊరు ఎస్సవీరా గాలి తలుపు రెక్కని కొడుతోంది. సలూన్ గోడ అవతలే కోటబురుజు, బురుజు కింద వేదిక. సంగీతోత్సవానికి అదే ఆఖరి రోజు. తెల్లవారినప్పటినుంచీ షాపులో నిలబడే చోటు లేదు. సముద్రపు గాలికి విడిపోని జడ కావాలని గాయనులూ, రంగు ఉన్ని కలిపి అల్లమని విదేశీ అమ్మాయిలూ వస్తూనే ఉన్నారు. ఇప్పుడే కాస్త ఖాళీ అయింది.

"పాతిపెట్టమని చెప్పానా లేదా?" యమ్నా గద్దించింది.

"తీరిక ఎక్కడుంది పిన్నీ? పండగ అయ్యాక పాతిపెడదామనుకున్నా."

"పండగ చేసుకునేది ఎవడో ఇప్పుడు!"

ఆ షాపులో ఒక నియమం ఉంది. తల దువ్వితే రాలిన వెంట్రుకలు ఉండచుట్టి ఎవరివి వాళ్ళ చేతిలో పెట్టాలి. కత్తిరించినా అంతే. చెత్తబుట్టలో వెంట్రుక కనబడితే యమ్నా ఊరుకోదు. ఆడదాని జుట్టు పరాయి చేతికి దొరికితే ఆడదే దొరికినట్టు. దానికి ఏడు ముడులు వేసి ఏదో గొణిగితే చాలు, ముడి లాగిన వైపు ఆ ఆడది నడుస్తుంది. నడుస్తున్నది తన కాళ్ళతోనే అనుకుంటుంది.

"ఇలా రా. కూర్చో." యమ్నా ఆమె గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసింది. "నిద్ర పడుతోందా?"

"లేదు."

"తిండి?"

బతూల్ చూపు పక్కకి తిప్పింది.

"వేడివేడి సార్డీన్ చేపలు తెస్తే పిల్లికి పెట్టింది," అంది కుర్చీలోంచి మహ్జూబా. "నేను చూశాను."

"గుండె?"

"ఒక్కోసారి... దడదడమంటుంది."

"ఎవరైనా పదేపదే గుర్తొస్తున్నారా?"

"లేదు."

"అడగ్గానే మొహం దానిమ్మగింజలా అయింది, లేదంటావేమే! చేసేశారు. మా అక్క కూతురికి ఎవడో మంత్రం వేసేశాడు!"

"యమ్నా, నాకు పద్దెనిమిదో ఏట అచ్చం ఇవే లక్షణాలు," అంది మహ్జూబా. "విరుగుడు దొరక్క పెళ్ళి చేశారు."

"నీకు నవ్వులాటగా ఉంది! తీసినవాడి చెయ్యి ఎండిపోను! వాడి వేళ్ళు ఊడిపోను!"

బతూల్‌కి నవ్వు రాలేదు. నిజమే, ఒకరు గుర్తొస్తున్నారు. ఆ జుట్టు తెగడానికి కారణమైనవాడే.

*

బుధవారం వేదిక కడుతున్నారు. బతూల్ తలకి లవంగాలు కలిపిన బంకమట్టి రుద్దుకుని కడుక్కుని, షాపు మెట్లమీద జుట్టు ఆరబెట్టుకుంటోంది. నడుము దాటే జుట్టు. మెట్ల పక్కనే ఒకతను కేబుల్‌ని పెద్ద చక్రానికి చుడుతున్నాడు. గాలి ఒక్కసారి ఉరికింది. జుట్టంతా లేచి వెళ్ళి చక్రంలో పడింది.

"అమ్మా! ఆపు!"

"కదలకు!"

"నువ్వు కదలకు! ఇంకొక్క చుట్టు తిప్పావంటే చంపేస్తా."

"నేను తిప్పట్లేదు. గాలి తిప్పుతోంది."

"గాలి చెయ్యి నీ చెయ్యిలానే ఉందే! ఆర్గాన్ గింజల నూనె రాసి పెంచుకున్న జుట్టు ఇది, తెలుసా?"

"తెలీదు. ఇది మాత్రం అరువు తెచ్చిన కేబుల్. కత్తిరించాలంటే నీ జుట్టే కత్తిరించాలి."

మూరెడు పోయింది. ఆ మనిషి చక్రంలో ఇరుక్కున్న వెంట్రుకలన్నీ ఓపిగ్గా విడదీశాడు. ఎగిరిపోయిన పాయ వెనక మైదానమంతా పరుగెత్తి, చేపలబుట్టల మధ్య దూరి మరీ పట్టుకొచ్చాడు. అన్నీ ఆమె దోసిట్లో పోశాడు.

"చూసుకో. తక్కువైతే చెప్పు."

"చెప్పాలంటే పేరు కావాలి."

"జుహైర్. సౌండ్ చూస్తాను. వేదిక ఎదురుగా ఉన్న నల్ల గుడారం నాదే. తిట్టాలనిపిస్తే ఎప్పుడైనా రావచ్చు, మూసి ఉండదు."

ఆమె తిట్టడానికి వెళ్ళలేదు. అతనే వచ్చాడు. ఒకసారి వైరు కట్టుకోవడానికి క్లిప్పు కావాలన్నాడు. ఇంకోసారి పిన్నులన్నాడు. ఈ పొద్దున ఏమీ కావాలనకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"రాత్రికి సామాను సర్దేసి అగాదీర్ వెళ్ళిపోతున్నాం. పాటలయ్యాక ఒక గ్లాసు టీ తాగుదామా?"

"చూస్తా," అంది బతూల్. చూసేదేమీ లేదు, వెళ్ళాలని అప్పుడే నిర్ణయించేసుకుంది.

ఇప్పుడు ఆ నిర్ణయం తనదో కాదో తెలియడంలేదు. వెళ్దామంటున్న మనసు తనదా, ఎవరో ముడివేసి లాగుతున్నదా? సాయంత్రం లోపల తెలియాలి. తెలియకపోతే వెళ్ళకూడదు. వెళ్ళకపోతే అతను మళ్ళీ కనపడడు.

"నిన్న నేను స్నానశాలకి వెళ్ళినప్పుడు షాపులో ఎవరున్నారు?" యమ్నా అడిగింది.

"నేనున్నా. ఉన్ని కొనడానికి ఒక్క క్షణం బజారుకెళ్ళా."

"తలుపు వేసి వెళ్ళావా?"

"గొళ్ళెం పెట్టా."

"నేను తిరిగొస్తుంటే ఒకడు మన మెట్లు దిగుతున్నాడు. రబ్బరు బ్యాండ్ల కోసం వచ్చానన్నాడు. నన్ను చూసి జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. ఆ సౌండ్ కుర్రాడు."



*

సాయంకాలానికి గాలి ఇంకా పెరిగింది. వేదిక వెనక మహ్జూబా బృందం ఆడవాళ్ళు డప్పులు మంటకి కాచుకుంటుంటే బతూల్ వాళ్ళ తలలు సరిచేస్తోంది. బయట పాడేవాళ్ళకి నూనె ఎక్కువ రాయకూడదు, ఇసుక అంటుకుంటుంది. నుదుటిదగ్గరే బిగించాలి, లేకపోతే గాలి వేలు దూర్చి మొత్తం విప్పేస్తుంది. రోజూ చేసే పనే. ఈవేళ చేతులు మాట వినడంలేదు.

"అమ్మాయ్, కనుబొమలు కూడా అల్లేస్తున్నావు," అంది మహ్జూబా.

"క్షమించండి."

"భయపడకు. నా వెనకే ఉండు."

భయపడకుండా ఎలా? ఎవరి చేతిని చూసినా పిడికిలే కనిపిస్తోంది. ప్రతి పిడికిట్లో ఏదో నల్లగా ఉన్నట్టే ఉంది. షాపునుంచి వస్తుంటే, మంత్రానికి విరుగుడని యమ్నా ఆమె జేబులో ఉప్పు పోసింది. పని ఆగినప్పుడల్లా బతూల్ దాన్ని పిడికిట్లో నలుపుతోంది.

డప్పులు మోగాయి. మహ్జూబా ముందుకు నడిచింది. బతూల్ తెర పక్కనుంచి తొంగిచూసింది.

వేదిక నడుమ ఇనుప కడ్డీ. కడ్డీ చివర ఏదో ఉంది. తలకాయంత ఉంది. నల్లగా, పొడుగ్గా, గాలికి బతికున్నట్టు కదులుతోంది. ఒక పాయ లేచి మహ్జూబా చెంపని తాకి వెనక్కి వెళ్ళింది.

దీపం దానిమీద పడింది. పాయల చివర ఎరుపు.

గోరింటాకు ఎరుపు. రెండు వారాల కిందట తన చేతులతో తనే పెట్టుకున్న ఎరుపు.

వేలమంది చూస్తుండగా తన జుట్టుని కడ్డీకి కట్టి గాలికి ఊపుతున్నారు. ఆ ఊపుకి తగ్గట్టు తన గుండె కొట్టుకుంటోంది. అంటే పిన్ని చెప్పింది నిజం. అంటే ఈ నాలుగు రోజులూ తను తను కాదు.

ఆ కడ్డీనుంచి ఒక నల్లటి వైరు పాములా కిందికి దిగి, జనం మధ్యనుంచి ఎదురుగా ఉన్న గుడారంలోకి వెళ్ళింది.

ఆమె వైరు వెంట నడిచింది. పారిపోవాలని ఉంది, కాళ్ళు మాత్రం అటే వెళ్తున్నాయి. ఒక్కో అడుగుకీ దడ పెరుగుతోంది. మంత్రమైతే ఇలాగే ఉంటుందని చెప్పారు. గుడారం తెర ఎత్తింది.

జుహైర్ చెవులకి హెడ్‌ఫోన్లు, వాటిమీద ఎప్పటిలాగే చొక్కా ముసుగు. ఆమెని చూడగానే మొహంలో రంగు పోయింది. లేచి నిలబడ్డాడు.

బతూల్ జేబులోంచి గుప్పెడు ఉప్పు తీసి అతని మొహాన కొట్టింది.

"మిక్సర్ మీద కాదు!" అతను ఒంగి రెండు చేతులతో సౌండ్ పెట్టె మీటలని కప్పేశాడు. "బతూల్! ఏమిటిది?"

"మాట్లాడకు. ఎన్ని ముడులు వేశావు?"

"ఏ ముడులు?"

"నా జుట్టుకి! ఏడా? పద్నాలుగా? ఎవరు నేర్పారు నీకు? ఎంతమందికి చేశావు ఇలా?"

అతను ముసుగు కిందనుంచి హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. అబద్ధం వెతుక్కుంటున్నవాడిలా ఒక్క క్షణం అటూఇటూ చూశాడు. దొరకలేదు కాబోలు, తల దించాడు.

"ఒక్క ముడి," అన్నాడు. "స్పాంజి ఊడిపోకుండా."

"స్పాంజా?"

"మైకు స్పాంజి."

"ఒట్టు వెయ్యి."

"మా అమ్మ మీద ఒట్టు. నాకు మంత్రాలు రావు. వస్తే ముందు ఈ గాలిని కట్టేసేవాణ్ణి."

"ఎప్పుడు తీశావు? నిజం చెప్పు."

"నిన్న మధ్యాహ్నం. మీ పిన్నిగారు మెట్లు ఎక్కుతుంటే నేను దిగుతున్నా."

నిన్న. శుక్రవారం. బతూల్ మనసులో వెనక్కి వెళ్ళింది. సార్డీన్లు పిల్లికి పెట్టింది గురువారం. తెల్లార్లూ కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకుంది అంతకుముందు రాత్రి. అప్పటికి జుట్టు సంచీలోనే భద్రంగా ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఆమె చేతిలోంచి మిగిలిన ఉప్పు జారిపోయింది. భయం వదిలిందో, ఇంకో భయం పట్టుకుందో ఆమెకే తెలియలేదు. అతని చెంపలమీద ఉప్పు రవ్వలు మెరుస్తున్నాయి. తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"ఎందుకు తీశావు?" ఈసారి మెల్లగా అడిగింది.

"తీసింది నేనే. మొత్తం చెప్తాను, విన్నాక ఏం చేసినా నీ ఇష్టం. మొదటిరోజు గాలి నా మైకు బొచ్చుతొడుగు ఎగరేసుకుపోయి సముద్రంలో పారేసింది. అది లేకపోతే ఈ ఊళ్ళో మైకులో పాట వినపడదు, గాలే వినపడుతుంది. ఉన్ని మేజోడు తొడిగాను, లాభం లేకపోయింది. జనం ఈలలు వేశారు. నిన్న రబ్బరు బ్యాండ్లు అడుగుదామని మీ షాపు గొళ్ళెం తీసి లోపలికొస్తే ఎవరూ లేరు. సంచీలో జుట్టు కనిపించింది. విదేశీ పిల్లలకి అల్లే సవరం ముక్కలనుకున్నా. జేబులో పెట్టుకున్నా. అక్కడివరకూ పొరపాటు.

"తర్వాతది పొరపాటు కాదు. స్పాంజికి చుడుతుంటే లవంగాల వాసన వేసింది. నువ్వు నన్ను తిట్టడానికి ముందుకొచ్చినప్పుడు వేసిన వాసనే. చివర్లు చూస్తే ఎర్రగా ఉన్నాయి. నీదని తెలిసిపోయింది. వెంటనే తెచ్చి ఇచ్చెయ్యాలి. ఇవ్వలేదు. ఒక్కసారి విని ఇచ్చేద్దామని ఇవి చెవులకి పెట్టుకున్నాను. గాలి ఆగిపోయింది బతూల్. ఈ ఊరి గాలంతా వచ్చి నీ జుట్టులో చిక్కుకుని ఊరుకుంది. రిహార్సల్లో మహ్జూబా అమ్మ ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఇంక దాన్ని విప్పడానికి చేతులు రాలేదు. ఈవేళ గోడ అవతల మీ పిన్నిగారు పెట్టిన శాపాలన్నీ ఆ మైకులోంచే విన్నాను. చెయ్యి ఎండిపోను అన్నప్పుడు చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నా. అయినా నోరు విప్పలేదు. చెప్తే నువ్వు టీకి రావని భయం. దొంగతనం చేశాను, దాచాను, భయపడ్డాను. ఈ మూడూ ఒప్పుకుంటున్నా. మంత్రం వేశానన్న నింద మాత్రం నామీద వెయ్యకు. ఎవరో జుట్టు తీసుకుపోతేనే మనిషి ఇలా అయిపోతాడంటే, ఇదిగో, ముసుగు తీస్తున్నా, చూడు. నున్నగా గొరిగించుకున్న తల. తీసుకుపోవడానికి ఒక్క వెంట్రుక లేదు. మరి బుధవారం రాత్రినుంచి నాకు నిద్ర లేదు, ముద్ద దిగడంలేదు. నాకెవరు చేశారో నువ్వే చెప్పు."