సొరంగంలో చివరగా నడిచేవాళ్ళు

ఆ సొరంగం జోలికి పోవద్దని ఆ ఊళ్ళో చెప్పనివాళ్ళు లేరు. ఎందుకు పోకూడదో చెప్పినవాళ్ళూ లేరు. రొట్టెల కొట్టు ఆవిడని అడిగితే మాట మార్చేసేది. ఇంటి ఓనరు "కొండ మీద దారుంది కదమ్మా... కాళ్ళకి మంచిది" అని నవ్వేసేవాడు. కుక్కల్ని షికారు తిప్పేవాళ్ళు కూడా సొరంగం దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్ళు. ఎంత లాగినా కుక్కలు అడుగు ముందుకెయ్యవట.

ఇదంతా లెక్కల టీచరు చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

ఆవిడ దేశం కాని దేశం వచ్చి ఏడాదైంది. బడి, గది, దిద్దాల్సిన పరీక్ష కాగితాలు — వారంలో ఐదు రోజులూ ఇంతే. చెల్లెలితో ఫోన్లో మాట్లాడితే తప్ప నోట్లోంచి తెలుగు ముక్క వచ్చేది కాదు. శనివారం మాత్రం ప్రాణం లేచొచ్చేది. బడిలో తనతో పనిచేసే డ్రిల్లు మాస్టారు, లైబ్రరీ ఆవిడ, సంగీతం టీచరు పొద్దున్నే వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. "లెక్కలు చాల్లే, బూట్లేసుకో!" ఆ ఒక్క కేక కోసం వారమంతా కాచుకుని ఉండేది. నలుగురూ కలిసి కొండ అవతల చెరువు దాకా నడిచి, సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు.

చలికాలం వచ్చింది. ఐదింటికే చీకటి. కొండెక్కి దిగితే గంటన్నర, పాత రైలు సొరంగంలోంచి అయితే పావుగంట.

"రైళ్ళే రావడం మానేశాయి, దెయ్యాలేం వస్తాయి?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

లోపల పట్టాలు ఎప్పుడో పీకేశారు. మధ్యలో నీళ్ళు. గోడ వారగా ఒక్క మనిషి పట్టేంత గట్టు. పైన గబ్బిలాలు, లైట్లు వెయ్యొద్దని బోర్డు. అందుకని ఒక్కటే టార్చి, దానికీ ఎర్రగుడ్డ. డ్రిల్లు మాస్టారు దాన్ని నేలకి పట్టుకుని ముందు నడిచాడు. ఆయన భుజం మీద చెయ్యేసి సంగీతం టీచరు, ఆవిడ వెనక లైబ్రరీ ఆవిడ, చిట్టచివర లెక్కల టీచరు.

సగం దూరంలో సొరంగం వంపు తిరుగుతుంది. అక్కడ వెనక వెలుతురూ ఉండదు... ముందు వెలుతురూ ఉండదు.

అక్కడ — ఆవిడ కుడిభుజం మీద ఒక చెయ్యి పడింది.

మెత్తగా. నిద్రపోతున్న పిల్లని లేపకూడదన్నట్టు.

మనసులోనే లెక్కేసుకుంది. ముందు ముగ్గురు... నేను నాలుగు... మరి ఇది?

బయటపడే ముందు చెయ్యి తొలగిపోయింది. ఆవిడ గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు.

"ఏంటి, మొహంలో నెత్తుటి చుక్క లేదు?" అని నవ్వాడు డ్రిల్లు మాస్టారు.

ఆ నవ్వు చూశాక ఆవిడకి అనుమానం గట్టిపడింది. ఈయన మామూలు మనిషి కాదు. పోయిన నెల స్టాఫ్ రూంలో ఆవిడ సొరుగులో రబ్బరు బల్లి పెట్టి, మూడు రోజులు నవ్విన ఘనుడు.

"ఆయన పనేనే" అంది చెల్లెలితో ఫోన్లో.

"అందరికంటే ముందున్నాడంటున్నావు కదే అక్కా! చెయ్యి కూడా రబ్బరుదేనా, సాగడానికి?"

"ఎవర్నో కుదిర్చి ఉంటాడు."

సోమవారం స్టాఫ్ రూంలో అందరి ముందూ అడిగేసింది. "పరాయి దేశందాన్ననే కదా మాస్టారూ, నాతో ఈ ఆటలు?"

ఆయన మొహం మాడిపోయింది. "బల్లి నాదే. చెయ్యి నాది కాదు" అన్నాడు చిన్నగా. ఆ రోజు నుంచి తన టీ తీసుకుని కిటికీ దగ్గరికి పోయి తాగేవాడు. మిగతా ఇద్దరూ పలకరిస్తున్నారు గానీ, మాట్లో తడి లేదు. లైబ్రరీ ఆవిడ తనని చూసి పుస్తకం చాటున నవ్వుకుందా? సంగీతం టీచరు గుసగుసలు తన గురించేనా? ఆవిడకి ఎవర్ని చూసినా అనుమానమే. ఈ శనివారం తలుపు కొడతారో లేదో...

కొట్టారు. డ్రిల్లు మాస్టారు మాత్రం మెట్లెక్కకుండా వీధిలోనే నిలబడ్డాడు.

ఆవిడ ముందే సిద్ధంగా ఉంది. నీలం సుద్దముక్కలు మెత్తగా నూరి పొట్లం కట్టుకుంది. సాయంత్రం సొరంగం ముందు ఎవరూ చూడకుండా నల్లకోటు కుడిభుజానికి దట్టంగా పులిమింది.

ఎర్ర వెలుతురు. నీళ్ళ చప్పుడు. వంపు...

పడింది చెయ్యి.

ఈసారి ఆవిడ ఆగకుండా నడిచింది. బయటికి రాగానే క్లాసులో అరిచినట్టు అరిచింది. "చేతులు చాపండి!"

ముగ్గురూ బిత్తరపోయి చాపారు. ఆరు చేతులూ శుభ్రంగా ఉన్నాయి.

ఆవిడ భుజం టార్చికేసి తిప్పింది. నీలంలో నాలుగు వేళ్ళు ఈడ్చిన గీతలు.

డ్రిల్లు మాస్టారు టార్చి మీది ఎర్రగుడ్డ ఊడదీశాడు. "పదండి, చూద్దాం" అన్నాడు.

నలుగురూ మళ్ళీ లోపలికి నడిచారు. పది అడుగులు... గోడలో సన్నటి మెట్లు పైకి పోతున్నాయి. కింది మెట్టు మీద ఒక ముసలాయన కూర్చుని రుమాలుతో అరచెయ్యి తుడుచుకుంటున్నాడు.

ఆ చెయ్యి నీలంగా ఉంది.

"తిట్టకండమ్మా" అన్నాడు గొణుగుతున్నట్టు. "ఈ మెట్లెక్కితే మా ఇల్లు. అవతల మా అమ్మాయి ఉంటుంది, శనివారం భోజనానికి వెళ్తాను. కొండెక్కడానికి మోకాళ్ళు పనిచెయ్యవు. అందుకని తిరిగొచ్చేటప్పుడు ఆ చివర చీకట్లో నిలబడి, మీరొచ్చాక వెనకాలే..."

"ఒక్క మాట అడగొచ్చు కదండీ? నా గుండె ఆగిపోయేది!"

"నలభై ఏళ్ళు ఇందులో గ్యాంగ్‌మన్‌గా చేసినవాణ్ణి. భయమని ఏ నోటితో చెప్పుకోను తల్లీ?"

ముందు లైబ్రరీ ఆవిడ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. లెక్కల టీచరుకి నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చేశాయి. "తప్పు నాదే మాస్టారూ. మనసులో పెట్టుకోకండి."

"బల్లికీ దీనికీ చెల్లు" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

వారం రోజుల బరువు దిగిపోయినట్టయింది ఆవిడకి. ముసలాయన చెయ్యి పట్టుకుని లేపింది. "వచ్చే శనివారం నుంచి దాక్కోకండి తాతగారూ. మా మధ్యలో నడుద్దురుగాని."

ముసలాయన ఆవిడకేసి వింతగా చూశాడు.

"ఇవాళ నడిచింది మధ్యలోనే కదమ్మా? నా సంగతి తెలిసే, నా వెనక ఒకాయన్ని పెట్టారనుకున్నాను. వంపు దగ్గర నా భుజం మీద చెయ్యేశాడు... ఇక్కడిదాకా తియ్యలేదు. ఎంత ధైర్యమనిపించిందో!"

ముసలాయన తల తిప్పి సొరంగం లోపలికి చూశాడు.

"ఆయనింకా రాలేదేం?"

టార్చి డ్రిల్లు మాస్టారి చేతిలో వెలుగుతూనే ఉంది. దాన్ని అటు తిప్పడానికి మాత్రం ఆయనకి చెయ్యి రాలేదు.