అద్దాల బీరువాలో గుండె మిషన్

"ఏమండీ... ఏమండీ! కళ్లు తెరవండి!"

కళావతి కేకకు అత్తగారు పున్నమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. కొడుకు రామ్‌చందర్ హాల్లో అన్నం కంచం పక్కనే వెల్లకిలా పడి ఉన్నాడు. సోఫా ఉండగా నేలమీద ఎందుకు కూర్చున్నాడంటే, సోఫా చుట్టాల కోసం. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు దానిమీద ఇంకా అలాగే ఉంది. టీవీ రిమోటుకు కవరు, కవరుకు రబ్బరు బ్యాండు. ఆ ఇంట్లో కవరు లేకుండా వాడుకున్నది కళావతి ఒక్కదాన్నే!

అందుకే గుండె మిషన్ కూడా ఆ ఇంటికే చేరింది. ఇల్లందులోని ఆ కాలనీలోనే పెరిగిన డాక్టరొకాయన, ఆగిన గుండెకు కరెంటు షాకిచ్చే మిషన్ కొనిచ్చి, అందరికీ అందేలా కమిటీ హాలు గోడకు తగిలించమన్నాడు. కమిటీ సెక్రటరీ రామ్‌చందర్ ఒప్పుకోలేదు. "గోడకు పెడితే దొంగలెత్తుకపోతరు" అని ఇంటికి తెచ్చి, అద్దాల బీరువాలో షటిల్ ఆటలో గెలిచిన కప్పుల పక్కన పెట్టి, బొట్టుపెట్టి తాళం వేశాడు. వచ్చిన ప్రతి చుట్టానికీ దూరం నుంచి చూపించాడు. మిషన్ వాడకం, ఛాతీ ఒత్తడం నేర్పడానికి క్లాసు పెట్టినప్పుడు, కళావతి ముందు వరసలో కూర్చోబోయింది. "నువ్వేం నేర్సుకుంటవ్? పోయి అందరికి టీ పెట్టు" అన్నాడు. పెట్టింది. టీ బాగుందని అందరూ అన్నారు.

పున్నమ్మ పక్కింటివాళ్లను పిలవడానికి బయటికి ఉరికింది. ఇప్పుడు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. పెళ్లయినప్పటి నుంచి కళావతి దాన్ని ముట్టుకోలేదు. దాన్ని లాగి బీరువా తెరిచింది. మిషన్ బటన్ నొక్కింది. వెలగలేదు! తిప్పి చూసింది. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ... "బ్యాటరీ యాడ పెట్టినవయ్యా! ఒక్కసారి చెప్పయ్యా!" అని భర్త చెంపలు పట్టి ఊపింది. అది తెలిసిన మనిషి ఆయనొక్కడే.

పక్కింటి అజ్మత్ బీ లోపలికి ఉరికింది. ఆమె ఆ క్లాసులో కూర్చుంది.

"ఏడ్వకక్కా! ఛాతీ నడుమ రెండు చేతులేసి ఒత్తు! జల్దీ! ఆపకు... నువ్వు అలిసిపోతే నేను ఒత్తుత!"

ఒకరి తర్వాత ఒకరు ఒత్తారు. గాజులు పగిలి కళావతి మణికట్టు కోసుకుపోయింది. అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్లు మరికాసేపు ప్రయత్నించి, తల దించుకున్నారు.

"మిషన్ చేతిల ఉండి గూడ పట్టనేర్వలే! నా కొడుకును నువ్వే సంపినవ్!" అంది పున్నమ్మ. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. కళావతి ఆ మాట పడింది. బ్యాటరీ తీసి దాచింది ఆయనేనని చెబితే, పోయిన మనిషి నలుగురి నోళ్లలో నవ్వులపాలవుతాడు కదా...

పెద్దకర్మ అయిపోయింది. కోడలింక కట్టదు కదా, తన కూతురికిద్దామని పున్నమ్మ బట్టల బీరువాలోని కళావతి పెళ్లి పట్టుచీర తీసింది. మడతలోంచి కలరా ఉండలతో పాటు, పాలిథిన్ కవరు చుట్టిన నల్లడబ్బా జారిపడింది.

"ఏందే ఇది?"

కళావతి కవరు విప్పి, దాన్ని మిషన్‌లో పెట్టింది. లైటు వెలిగింది. మిషన్ ఇంగ్లీషులో గట్టిగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

పున్నమ్మ కూలబడిపోయింది. "చార్జి ఒడిసిపోతదని దాసిండా... నీకు ఎర్కేనా?"

"బ్యాటరీ లేదని అప్పుడే ఎర్కైంది అత్తమ్మా."

"మరి నన్నెందుకు అననిచ్చినవ్ బిడ్డా!" కోడలి కట్టుగట్టిన చేతిని గుండెకు హత్తుకుని పున్నమ్మ బావురుమంది.

మిషన్ ఇప్పుడు కమిటీ హాలు గోడకు ఉంది. తాళం లేదు. బ్యాటరీకి చుట్టిన కవరు పున్నమ్మే చింపేసింది. మళ్లీ క్లాసు పెట్టారు. ఆ రోజు టీ ఎవరూ పెట్టలేదు. ఛాతీ ఒత్తడం నేర్పే రబ్బరు బొమ్మ ముందు పున్నమ్మ మోకాళ్లమీద కూర్చుంది.

"గట్టిగ ఒత్తు అత్తమ్మా, బొమ్మకేం కాదు" అంది కళావతి.

పున్నమ్మ ఒత్తింది. ఒత్తుతూ, ఒత్తుతూ... "లే నాయనా... లేవయ్యా..." అంది.

క్లాసు చెప్పే ఆయన సమయం అయిపోయిందన్నాడు. ఆమెను ఎవరూ లేపలేదు.