పద్దెనిమిది వేలో ఫ్రేము

ఉదయం పదకొండు గంటలు. కిటికీలు లేని మైక్రోస్కోప్ గది. టేబుల్ కింద డ్రాయర్ ఖాళీ. అందులో ఉండాల్సిన ఎనిమిది స్లైడ్ల పెట్టె మాయమైంది.

"రెండేళ్ళ కష్టం మేడమ్!" రీసెర్చ్ అమ్మాయి ఖాళీ డ్రాయర్ చూపించింది. "పైగా నేనే దాచేశానంటున్నారు. సాయంత్రంలోగా తేలకపోతే ల్యాబ్ నుంచి పంపేస్తారు."

ఇన్‌స్పెక్టర్‌కి పెళ్ళయి పదకొండు రోజులు. బయల్దేరేటప్పుడు వాళ్ళాయన నోట్లో పెట్టిన బిస్కెట్ ఇంకా నములుతూనే ఉంది. గబుక్కున మింగేసింది.

ల్యాబ్ సీనియర్ తెర మీద బొమ్మ చూపించాడు. కణం పొర మీద విడివిడిగా చుక్కలు.

"పది అయిదు నుంచి పదిన్నర దాకా స్కాన్ దానంతటదే నడిచింది. మధ్యలో డ్రాయర్ లాగితే టేబుల్ కదిలి బొమ్మ అలుక్కుపోయేది. ఇదేమో అద్దంలా ఉంది. పదిన్నర నుంచి అందరం ఇక్కడే ఉన్నాం. అంటే పెట్టె స్కాన్‌కి ముందే పోయింది. అప్పుడు గదిలో ఉన్నది ఈవిడొక్కతే."

"ఇది ఒక్క ఫోటోయేనా?"

"కాదు మేడమ్," అంది అమ్మాయి. "ముప్పై వేల ఫ్రేములు. కంప్యూటర్ అన్నీ పేర్చి బొమ్మ కడుతుంది."

ఇన్‌స్పెక్టర్ ఫక్కున నవ్వింది. "మా పెళ్ళి ఫోటోలో మా ఆయన కళ్ళు మూసేసుకున్నాడమ్మా. ఆల్బమ్‌లో చూస్తే గుడ్లప్పగించి ఉన్నాడు! ఇక్కడా అలా సరిదిద్దుతారా?"

అమ్మాయి ఉలిక్కిపడింది. "టేబుల్ కదిలితే కంప్యూటరే ఫ్రేముల్ని వెనక్కి జరుపుతుంది! ఎంత జరిపిందో విడిగా రాసుకుంటుంది. ఎవరూ తెరిచి చూడరు."

"తెరువు."

గ్రాఫ్‌లో తిన్నని గీత. పద్దెనిమిది వేలో ఫ్రేము దగ్గర ఒక్క గెంతు.

"సెకనుకి ఎన్ని?"

"ఇరవై."

"పదిహేను నిమిషాలు. పది ఇరవై. అప్పుడు నువ్వెక్కడ?"

"సెమినార్ హాల్లో. పన్నెండు మంది ముందు మాట్లాడుతున్నా."

"గది తాళాలు?"

"రెండే. నాదొకటి."

సీనియర్ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ అది చూసింది.

"ఎందుకు సార్?"

అతను తెర మీది చుక్కల వైపు వేలు చూపించాడు. "నేను అచ్చేసిన పేపర్‌లో అవి చుక్కలు కావు, గొలుసులు. కంప్యూటర్ తప్పుగా కట్టిన గొలుసులు. ఒక్క బొమ్మని ఎవరూ నమ్మరు. ఎనిమిది స్లైడ్లూ చూస్తే నా పేపర్ తప్పని తేలిపోతుంది."

అతని బ్యాగ్ అడుగున పెట్టె దొరికింది. ఇన్‌స్పెక్టర్ ట్యూబ్‌లైట్ కింద మూత ఎత్తింది.

"లైట్!" అమ్మాయి కేక పెట్టింది. "ఆర్పండి మేడమ్! స్లైడ్ల మీద రంగు చచ్చిపోతుంది!"

స్విచ్ టప్పుమంది. గది చీకటైంది. స్లైడ్లను వేలితో తడిమి లెక్కపెట్టుకున్న ఆ పిల్ల, అప్పటిగ్గానీ ఏడవలేదు.