ఏడో నంబరు కెమెరా

"పాత అనలాగ్ కెమెరాలు తీసేసి నెట్‌వర్క్ కెమెరాలు పెట్టడానికి మూడు రోజులు. ఆ సందులోనే విదేశీ ముఠా రక్షణ ల్యాబ్ స్ట్రాంగ్ రూమ్‌లోని క్షిపణి గైడెన్స్ చిప్ ఎత్తుకుపోతుంది. నువ్వు కేబుల్ టెక్నీషియన్‌వి," అన్నాడు చీఫ్. "దొరికితే నువ్వెవరో మాకు తెలీదు."

దొరక్కపోయినా తనెవరో ఎవరికీ తెలీదని ఏజెంట్ అనలేదు.

మూడో రోజు ఉదయం కంట్రోల్ రూమ్‌లోకి సెక్యూరిటీ కన్సల్టెంట్ వచ్చింది. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ముఠాలో చీఫ్ నాటిన మనిషి.

"లెన్స్ మీద దుమ్ముంది," అని సంకేతం చెప్పింది.

"తుడిస్తే పోదు," అని జవాబు సంకేతం చెప్పాడు ఏజెంట్.

"ముఠా దిగేది రేపు. ఈరోజు నిశ్చింతగా ఉండు." వెళ్లిపోయింది. సెంటు వాసన కాసేపు మిగిలింది.

ఏజెంట్ పాత కేబుళ్లు ఒక్కొక్కటీ కత్తిరిస్తున్నాడు. ఏడో నంబరు దగ్గర ముసలి గార్డు అడ్డం వచ్చాడు.

"అదొక్కటీ ఇవాళ్టికి ఉంచవయ్యా. పదిన్నరకి ఓ ఆవిడ ఆ కారిడార్ తుడవడానికొస్తుంది. కెమెరాకి చెయ్యూపుతుంది."

"గోడమీద అంత పెద్ద స్క్రీన్ పెట్టాం కదా, బాబాయ్. అందులో చూడండి."

"అందులో మరీ స్పష్టంగా ఉంటుంది. నాకు సిగ్గు."

"ఎప్పుడైనా మాట్లాడారా?"

"ఆరేళ్లయింది. లేదు. నేనూ ఇక్కణ్ణించి ఊపుతాను."

"ఆవిడకి కనిపించదుగా?"

"కనిపించదు. అయితే ఏం?"

ఏజెంట్ కటర్ జేబులో పెట్టుకున్నాడు. రూలు ప్రకారం అది తప్పు.

పదిన్నర. పెద్ద స్క్రీన్‌లో ఏడో కారిడార్ ఖాళీగా, తళతళా మెరుస్తోంది.

"ఆవిడ రాలేదేంటి?" గొణిగి, గార్డు పాత మానిటర్ వైపు తిరిగాడు. "అదిగో, వచ్చిందిగా."

మసక బొమ్మలో ఆవిడ చెయ్యి ఊపుతోంది. ఆవిడ వెనక స్ట్రాంగ్ రూమ్ తలుపు తెరిచి ఉంది. నల్లకళ్లద్దాలు బయటికొస్తున్నాయి. తుడిచే మనిషిని ఆమె లెక్కే చేయలేదు.

ఏజెంట్‌కి అర్థమైంది. ఆమె ముఠాకే అమ్ముడుపోయింది. నెట్‌వర్క్ ఆమె గుప్పిట్లో ఉంది. నిన్నటి ఖాళీ కారిడార్‌ని పెద్ద స్క్రీన్ మీద తిప్పుతోంది. పాత వైరు మాత్రం పాత కెమెరా నుంచి తిన్నగా ఈ పాత మానిటర్‌లోకే వస్తుంది.

మూడంతస్తులు పరుగెత్తాడు. ఆమె ఎక్కిన లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నాయి. సందులోకి కటర్ దూర్చాడు. ఆమె చెయ్యి పిస్టల్ మీదకి వెళ్లేలోపు పెన్నులోని మత్తుసూది భుజంలో దిగింది.

"అన్ని వైర్లూ... కోసెయ్యలేదా?" అంది, కూలబడుతూ.

"బాబాయ్ వద్దన్నారు."

చిప్ భద్రం. చీఫ్ ఫోన్‌లో ఒక్కమాటే చెప్పాడు: "నువ్వున్న ప్రతి ఫ్రేమూ చెరిపెయ్."

కొత్త సిస్టమ్‌లో అది ఒక్క బటన్ పని. మూడు రోజుల మనిషి మాయమయ్యాడు.

టూల్‌బాక్స్ పట్టుకుని ఏడో కారిడార్లోంచి వెళ్తూ ఏజెంట్ ఆగాడు. తలెత్తి కెమెరాకేసి చెయ్యి ఊపాడు. అటువైపు ఎవరైనా ఊపారో లేదో కనిపించదు. అయినా కాసేపు నిలబడ్డాడు.

రిపోర్టులో చివరి వాక్యం ఇలా రాశాడు: "పదహారు పాత కెమెరాల్లో పదిహేను తీసేశాను. ఏడో నంబరు బాగానే పనిచేస్తోంది, కదిలించవద్దు."