ఎడమవైపు బ్రేకు

తెల్లారితే ఎనిడ్ చేసే మొదటి పని, టీ కప్పు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళి పాత మోరిస్ కారులో ఎడమ సీట్లో కూర్చోవడం. పక్కన స్టీరింగ్ ముందు ఎవరూ ఉండరు. భర్త విల్ఫ్ పోయి రెండు చలికాలాలు గడిచాయి. అయినా ఆవిడ ఆ ఖాళీ సీటుకేసి చూసి వాన సంగతీ, పక్కింటివాళ్ళ పిల్లి సంగతీ చెబుతూనే ఉంటుంది. పెడళ్ళ కింద కార్పెట్‌కి విల్ఫ్ మడమ అరగదీసిన చిల్లుంది. అది రాత్రికి రాత్రి కాస్త పెరిగినట్టు కొన్ని రోజులు ఆవిడకి తోస్తుంది. భయం వేయదు, ఆయన ఇంకా వచ్చి కూర్చుంటున్నాడేమోనని ఆశ పుడుతుంది.

ఆ శనివారం కూతురు హేజల్ కొత్త కార్పెట్ చుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. కార్ల ఫ్యాక్టరీల ఊరైన కవెంట్రీలో పిల్లలకి కారు పనులు ఉగ్గుపాలతోనే వస్తాయి. ఆమెకి నేర్పింది విల్ఫే.

"దిగమ్మా. సీట్లు విప్పాలి."

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఆయన పాదం ఇక్కడే ఉంది."

"ఉన్నది పాదం కాదు, చెమ్మ. వాసన రావట్లేదూ? ఈ తడి కింద రేకు తుప్పు పడుతోంది. అది ఊడిపోతే బండి తుక్కుకే. అప్పుడెక్కడ కూర్చుంటావ్?"

"నీకు నాన్న అక్కర్లేదు."

హేజల్ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది. "ఆయన పోయాక నాతో పట్టుమని పది మాటలు మాట్లాడావా? ఏదున్నా ఆ ఖాళీ సీటుకే చెబుతావ్. పోయినాయనకున్న విలువ బతికున్న కూతురికి లేదా అమ్మా?"

ఎనిడ్ ముఖం పాలిపోయింది. కారు దిగి గోడవారగా నిలబడింది.

సీట్లు బయటికొచ్చాయి. కుడివైపు కార్పెట్ నీళ్ళోడుతూ లేచింది. కొత్తదాన్ని పాతదాని కొలతకే కోయాలి. రెంటినీ తిరగేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి సుద్దతో గీయాలి. ఒకటి తిరగేయడం మరిచారా, కుడివైపుది ఎడమకి తయారవుతుంది.

"అలా బోర్లా పడేయకే! ఆయన్నే పడుకోబెట్టినట్టుంది," అంది ఎనిడ్.

హేజల్ పాతదాన్ని మెల్లగా, రెండు చేతులతో దించింది.

తర్వాత ఎడమవైపు వంగింది. "ఇక్కడా అరిగిపోయిందేంటమ్మా?"

"అది నా వల్లే. మలుపు వచ్చినప్పుడల్లా భయమేసి నేనూ తొక్కేదాన్ని, లేని బ్రేకు. 'మా బండికి రెండు బ్రేకులోయ్' అని మీ నాన్న ఊరంతా చాటేవాడు. పోయేదాకా అదే ఎగతాళి."

హేజల్ ఆ కార్పెట్ ముక్క పైకెత్తి కిందికి చూసింది. "అమ్మా, ఇలా రా."

కింద రేకుకి చిన్న చెక్కదిమ్మె బిగించి ఉంది. దానికి పాత బ్రేకు పెడల్ రబ్బరు తొడిగి ఉంది.

ఎనిడ్ నేలమీద కూలబడి దాన్ని తడిమింది. "కాలికేదో గట్టిగా తగిలేది. బండి తీరే అంత అనుకున్నా. ఇది మీ నాన్న పనే. ఇన్నేళ్ళూ చెప్పనే లేదు చూడు!"

"చెబితే ఇంక ఎగతాళి చేయడానికేం మిగులుతుంది?"

ఎనిడ్ నవ్వబోయి వెక్కివెక్కి ఏడ్చింది. హేజల్ సుద్ద అంటిన చేతులతోనే తల్లిని పట్టుకుంది.

"దీన్ని మాత్రం మళ్ళీ బిగించు," అంది ఎనిడ్ కాసేపటికి. "ఆ తడిముక్కలు పారేయ్."

మర్నాడు సన్నటి జల్లులో హేజల్ నడుపుతుంటే బండి బయటికొచ్చింది. కాలువ వంతెన దగ్గర మలుపులో ఎనిడ్ కాలు దానంతటదే నొక్కింది. మెత్తటి కొత్త కార్పెట్ కింద ఆ దిమ్మె తగిలింది. ఒక్క క్షణం స్టీరింగ్ మీద విల్ఫ్ చేతులే కనిపించాయి. రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా తల్లి కాలు చూసి హేజల్ బ్రేకు వేసింది.

ఎనిడ్ పక్క సీటుకేసి తిరిగింది.

"నెమ్మదిగా పోనీవే, హేజల్," అంది. "నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."