తడిసిన అగ్గిపెట్టె

"ఆ అగ్గిపెట్టె ఇటివ్వండి."

దుర్గేష్ తల తిప్పి చూశాడు. లాలాగూడలో లేడీస్ హాస్టల్ మేడ మీది ఇరుకు గది అది. మధ్యలో నీళ్లు వేడిచేసే హీట్ పంపు. గుమ్మంలో, అతను పనిచేసే ఏసీ రిపేరు షాపులో చేరి మూడు రోజులైన యోగిత చెయ్యి చాపి నిలబడి ఉంది.

అతని చేతిలో ఊదుబత్తి. ఏ మెషీన్ విప్పినా ముందు దానికి ఊదుబత్తి వెలిగించి దండం పెట్టాల్సిందే. పదేళ్ల కిందట పని నేర్పిన ఉస్తాద్ నుంచి వచ్చిన అలవాటు.

"ఏందీ మేడం, దేవునితోని సుత పంచాయితీనా?"

"దేవుడితో కాదు. ఇందులో ఉన్నది ప్రొపేన్. మీ పాత ఏసీల గ్యాస్ లాంటిది కాదు, అంటుకుంటుంది."

"లీకైతే వాసన రాదా?"

"వంట గ్యాస్‌కి వాసన కలుపుతారు. దీనికి కలపరు."

"అబ్బో, పాఠం షురూ అయింది!" నవ్వుతూ పుల్ల తీశాడు. గీసేలోపే యోగిత అగ్గిపెట్టె లాక్కుని మూలనున్న నీళ్ల బకెట్లో పడేసింది.

దుర్గేష్ నవ్వు ఆగిపోయింది. "శనివారం సార్‌కు నీ రిపోర్ట్ ఇచ్చేది నేనే. యాదుందా?"

ఉంది. 'దుర్గేష్ సరేనంటేనే ఉద్యోగం ఖాయం' అని చేరిన రోజే ఓనరు వెంకటరత్నం చెప్పాడు. పల్నాడు పల్లె నుంచి ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని ఒంటరిగా వచ్చిన ఆమెకు ఇది ఏడో షాపు. మిగతా ఆరింట్లో, ఆడపిల్ల సిలిండర్ మోస్తుందా అని నవ్వారు.

"గుర్తుంది," అంది. బయటే ఆన్ చేసి తెచ్చిన, లీకుంటే కూసే గ్యాస్ మీటరును నేల దాకా దించింది. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, కిందే పరుచుకుంటుంది.

మీటరు కీచుమంది.

దుర్గేష్ ముఖం పాలిపోయింది. "అరె... ఫ్యాన్ ఏస్తా, ఎల్లిపోతది." స్విచ్ వైపు చెయ్యి చాపాడు.

ఆమె వేళ్లు అతని మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి.

"ముట్టుకోవద్దు. స్విచ్‌లోనూ నిప్పురవ్వ ఉంటుంది. ఫోన్ కూడా తీయొద్దు. నడవండి."

తలుపు బార్లా తెరిచి బయటికొచ్చారు. సన్నగా వాన పడుతోంది. కిందికి దిగి కరెంటు మెయిన్ ఆపేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు. వదలమని అతనూ అడగలేదు.

వార్డెన్ ప్రేమమణి ఎదురొచ్చింది. "నలభై మంది పిల్లలమ్మా, రేపు పరీక్షలు. ఈ వానలో చన్నీళ్లు పోసుకోవాలా? ఇంకెంతసేపు?"

"మీటరు ఊరుకునేదాకా, మేడం. పైకి ఎవరినీ రానివ్వకండి."

"అంటే ఎన్ని గంటలు?"

యోగిత నోరు తెరిచేలోపే దుర్గేష్ అందుకున్నాడు. "ఆంటీ, జెర ఓపిక పట్టుండ్రి. ఆమె చెప్పినట్టే అయితది."

మెట్ల మీద దూరదూరంగా కూర్చున్నారు. వాన చినుకులు ఒక్కో మెట్టూ తడుపుతున్నాయి.

"భయం కాలేదా?" అన్నాడు.

"అయింది."

"గ్యాస్‌కా? నాకా?"

"రిపోర్ట్‌కి."

అతను పకపకా నవ్వాడు. ఆమె తల వంచుకుంది కానీ, పెదవుల చివర నవ్వు దాగలేదు.

మీటరు ఊరుకున్నాక, మిగిలిన గ్యాస్‌ను ఆరుబయట ఉంచిన సిలిండర్లోకి లాగారు. పైపుల్లో గ్యాస్ మిగలకుండా నైట్రోజన్ పంపారు. మూడుసార్లు మీటరు చూశాకే యోగిత మంటతో అతికే టార్చ్ అందించింది.

"ఇప్పుడు లీకైన చోట అతుకు పెట్టండి."

పెట్టాడు. ఉంగరంలా నున్నగా వచ్చింది. ఆమె కళ్లార్పకుండా చూసింది.

"ఇంత బాగా నాకు రాదు."

"నేర్పిస్త. నువ్వు నాకు నేర్పినవ్ కదా."

సాయంత్రానికి కింది బాత్రూముల్లోంచి అమ్మాయిల కేరింతలు వినిపించాయి. వేడినీళ్లు వచ్చాయి.

శనివారం, రెజిమెంటల్ బజార్‌లోని షాపులో వెంకటరత్నం కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏమయ్యా, ఈ అమ్మాయి నీకు హెల్పర్‌గా పనికొస్తుందా?"

"పనికిరాదు సార్."

యోగిత చెయ్యి బ్యాగు పట్టీ మీద బిగుసుకుంది. "కారణం చెప్పండి."

"హెల్పర్ నేనైతా," అన్నాడు దుర్గేష్, ఓనరు వైపే చూస్తూ. "గ్యాస్ పనిల ఆమె మాటే ఫైనల్. ఆ రోజు నేను అగ్గిపుల్ల గీసుంటే ఇయ్యాల మీకు రిపోర్ట్ ఇచ్చేటోడే ఉండకపోతుండె సార్."

వెంకటరత్నం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సోమవారం నుంచి పర్మనెంట్, తల్లీ," అన్నాడు.

బయట వాన వెలిసింది. షాపు మెట్టు దిగుతుంటే దుర్గేష్ జేబులోంచి ఉబ్బిపోయి వంకర తిరిగిన అగ్గిపెట్టె తీశాడు.

"బకెట్లకెల్లి తీసి ఎండబెట్టిన. ఒక్క పుల్ల సుత అంటుకుంటలేదు."

"కొత్తది కొనుక్కోండి. పనంతా అయ్యాక, బయటికొచ్చి వెలిగించుకోండి ఊదుబత్తి."

"కొంటా. కానీ ఇది పారేయబుద్ధి అయితలేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "జిందగీ అంత నువ్వే నీ దగ్గర పెట్టుకుంటవా, యోగితా? నన్ను సుత."

రోడ్డు మీద ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఆమె తొందరపడలేదు. మీటరు చూసినంత శ్రద్ధగా అతని ముఖంలోకి చూసింది. తర్వాత, ఆ రోజులాగే చెయ్యి చాపింది.

"ఆ అగ్గిపెట్టె ఇటివ్వండి," అంది.