కోటు జేబులో ఎర్ర పట్టీ

అమెరికాలో మంచు గడ్డకట్టే విస్కాన్సిన్‌లో జనవరి నెల తెల్లవారుజామున వంటింటి కిటికీ తెరిచారంటే, ఆ ఇల్లన్నా తగలబడుతుండాలి, ఆ మనిషికి పిచ్చన్నా పట్టి ఉండాలి. మా వైపు అందరూ అనుకునేది ఇదే. లోర్నా టోర్గర్సన్ ఆ చలికాలం రోజూ తెరిచేది.

"మళ్లీ మొదలెట్టావా?" అన్నాడు ఆమె భర్త కర్టిస్ బూట్లు తొడుక్కుంటూ. "నేను కట్టెలు కొట్టేది ఇల్లు వెచ్చబెట్టడానికా, ఊరంతా వెచ్చబెట్టడానికా?"

"ఒక్క నిమిషం. ఒళ్లంతా మండిపోతోంది."

"నీ నిమిషం అయ్యేసరికి అమ్మ ముక్కు ఊడి జావలో పడేలా ఉంది."

బల్ల దగ్గర శాలువా కప్పుకుని ఓట్స్ జావ తింటున్న ఆర్డిస్ ఏమీ అనలేదు. కర్టిస్ తల్లి ఆవిడ. ఎనభై దాటాయి. ఆ ఇంట్లో ఆవిడ ఏమీ అనకపోవడం అందరికీ అలవాటే. కర్టిస్ లేచి కిటికీ మూసేసి కట్టెలు కొట్టడానికి పోయాడు. లోర్నా చెమట తుడుచుకుని పాలు పితకడానికి కొట్టంలోకి నడిచింది.

కాపురానికి వచ్చిన నాటి నుంచి కొట్టంలో ఆమెదే రాజ్యం. ఏ ఆవు ఎప్పుడు ఈనుతుందో, ఏది పాల మిషను తగిలిస్తే తన్నుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అలాంటి మనిషికి ఏడాదిగా ఆవుల పేర్లే తట్టడం లేదు. రాత్రుళ్లు తడిసిన పక్క మీద లేచి కూర్చుంటోంది. కారణం లేకుండా కళ్లనీళ్లు వస్తున్నాయి. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా "ఈ వయసులో మామూలే" అని నిద్రమాత్రలు రాసిచ్చాడు. ఏది మామూలో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. అడగాలంటే భయం. లోర్నా తల్లి మతి పోయినవాళ్ల ఆశ్రమంలో కన్నుమూసింది, కన్న కూతుర్ని "నర్సుగారూ" అని పిలుస్తూ. ఆమెకు కూడా మొదట పేర్లే పోయాయి.

ఆకులు రాలే కాలంలో లోర్నా గేటు వేయడం మరిచిపోతే ఇంకా ఈనని పడ్డలు రోడ్డెక్కాయి. ఒకటి కారు కింద పడి చచ్చిపోయింది. ఆ రోజు కర్టిస్ అన్నాడు: "ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే ఆవుల మంద మొత్తం అమ్మేస్తాను. నువ్వే ఏ చక్రం కిందో పడేదాకా ఆగను." అప్పటి నుంచి ఆమె ప్రతి పనీ రెండుసార్లు చూసుకుంటోంది. ఆవులు పోతే తనకంటూ ఏం మిగలదని ఆమెకు తెలుసు.

పాలు పితికి ఇంట్లోకి వచ్చి కోటు విప్పి తగిలించాక, ముక్కు తుడుచుకుందామని దాని జేబులో చేయి పెట్టింది. రుమాలుకు బదులు ఎర్ర పట్టీ చేతికి తగిలింది.

మందు వేసిన ఆవు వెనక కాలికి ఎర్ర పట్టీ కట్టాలి. దాని పాలు విడిగా పితికి పారబోయాలి. ఆ పాలు ట్యాంకులో కలిస్తే ట్యాంకు, లారీకెక్కితే లారీ, మొత్తం నేలపాలే. ఆ కొట్టంలో ఆ పద్ధతి పెట్టింది లోర్నాయే. నిన్న సాయంత్రం పెర్ల్ అనే ఆవుకు పొదుగువాపని మందు ఎక్కించింది. పట్టీ చేతిలోకి తీసుకుంది. అంతలో ఒంట్లోంచి ఆవిర్లు ఎగదన్నితే బయటికి పరుగెత్తి మంచులో నిలబడింది. లోపలికి వచ్చాక పక్క ఆవు దగ్గరికి వెళ్లిపోయింది. ఇవాళ పెర్ల్ పాలు అన్ని పాలతో పాటు ట్యాంకులోకి పోయాయి.

కిటికీలోంచి చూస్తే పాల లారీ మలుపు తిరుగుతోంది. చెబితే ఆవులు పోతాయి. ఆ ఒక్క క్షణం లోర్నా పట్టీని పిడికిట్లో దాచేసుకుంది. మరుక్షణం కోటు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

"డ్వేన్! పైపు తగిలించకు! మందు పాలు కలిశాయి!"

లారీ డ్రైవరు పైపు కింద పెట్టేశాడు. కేక విని కర్టిస్ వచ్చాడు. ఆమె చేతిలో పట్టీ చూశాడు. వెళ్లి ట్యాంకు మర తిప్పాడు. తెల్లటి పాలు ఆవిర్లు కూడా లేకుండా పేడ కాలువలోకి పోతుంటే డ్వేన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, శవం పక్కన నిలబడ్డట్టు.

వంటింట్లోకి వచ్చాక కర్టిస్ చేతులు కడుక్కుని అలాగే నిలబడ్డాడు.

"తిట్టవేం?" అంది లోర్నా. "నోటికొచ్చినట్టు తిట్టు."

"తిట్టి ఏం లాభం? నిన్ననే మాట ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఆవుల బేరగాడు స్ట్రాండ్‌కి. గురువారం లారీలు వస్తాయి."

లోర్నా కుర్చీ పట్టుకుంది. "నిన్ననా? ఇవాళ్టి తప్పు జరగకముందే?"

"మీ అమ్మను నేనూ చూశాను కదే." అన్నాడు కర్టిస్. "నీకేమవుతోందో నాకు తెలియదనుకున్నావా? నన్ను నువ్వు గుర్తుపట్టే రోజులుండగానే కాస్త తీరిక చేసుకుందామనుకున్నాను. ఇంత పని చేసే ఓపిక నాకొక్కడికి లేదు లోర్నా."

"అంత భయం కడుపులో పెట్టుకుని నాతో ఒక్క మాట అనలేదా?"

"నువ్వన్నావా?"

"ఆవు ఒక పూట మేత ముట్టకపోతే కొట్టం గుమ్మంలోనే కనిపెడతావు. చెవులు చల్లబడ్డాయేమోనని పట్టి చూస్తావు. గంటలో పశువుల డాక్టర్ని రప్పిస్తావు. నేను ఏడాదిగా నిద్రపోలేదు కర్టిస్. నీ పక్కనే లేచి కూర్చుంటున్నాను. నువ్వు చేసిందల్లా కిటికీ మూయడమే."

బల్ల దగ్గర చెంచా గిన్నెలో పడింది.

"నీకు నెలసరి వస్తోందా, ఆగిపోయిందా?" అని అడిగింది ఆర్డిస్.

ఆ వంటింట్లో ఆ మాట ఎవరూ ఎన్నడూ అనలేదు. కర్టిస్ ముఖం ఎర్రబడింది. "అమ్మా! ఏంటా మాటలు!"

"నువ్వూరుకో. ఆవు కడుపులో భుజం దాకా చేయి పెట్టి చూసేవాడివి, పెళ్లాం సంగతికి సిగ్గొచ్చిందా?"

"పోయిన వేసవి నుంచి సరిగా రావడం లేదమ్మా," అంది లోర్నా మెల్లగా.

"అదే మరి. నాకూ అంతే. చర్చి వంటింట్లో పొయ్యి మీద గిన్నె మరిచిపోయి పొగతో అందర్నీ బయటికి తరిమాను. కట్టుకున్నవాడి పేరే నోటికి రాని రోజులున్నాయి. మీ మామ నన్ను ఒక చలికాలమంతా మా అక్క ఇంట్లో దించి, ఊళ్లో ఊపిరితిత్తుల జబ్బని చెప్పుకున్నాడు. కొన్నేళ్లకు అదే సర్దుకుంది. నాకు మతి పోయిందా? మీ పెళ్లికి ఎవరెవరు ఏ వంటకం తెచ్చారో ఇప్పుడు అడుగు, చెబుతాను."

"మీకు తెలుసా? నన్ను చూస్తూనే ఉన్నారు కదా, ఇన్నాళ్లూ?"

ఆర్డిస్ శాలువా దగ్గరికి లాక్కుంది. "మాకెవరూ చెప్పలేదమ్మా. అదేదో చెప్పుకునే మాట కాదనుకున్నాను."

లోర్నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఏడుపొచ్చింది. ఆ ఒక్క ముక్క గేటు మరిచిపోయిన నాడు ఎవరైనా అని ఉంటే చాలు కదా అనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కర్టిస్ అప్పుడే స్ట్రాండ్‌కి ఫోను చేశాడు. స్ట్రాండ్ ఆవుల్ని అప్పటికే పక్క కౌంటీలో పెద్ద డెయిరీకి మాట్లాడేశాడట. పైగా కర్టిస్ చేయి కలిపాడు. మా వైపు చేయి కలిపాక వెనక్కి తీసుకునేది ఏమీ ఉండదు. బతిమాలి చూసి ఫోను పెట్టేశాడు.

గురువారం లారీలు వచ్చాయి. లోర్నా ఒక్కో ఆవునూ తనే మెడ నిమిరి, పేరు పెట్టి పిలిచి ఎక్కించింది. విచిత్రమేమిటంటే ఆ రోజు ఒక్క పేరూ తప్పిపోలేదు. పెర్ల్ కాలికి ఎర్ర పట్టీ ఆమే కట్టింది, గట్టిగా, లాగి చూసి మరీ.

కొన్ని వారాల తర్వాత పట్నంలో ఒక డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టి అన్నీ అడిగింది, పరీక్షలు చేయించింది. మీ అమ్మగారి జబ్బు లక్షణాలేవీ మీలో కనబడలేదంది. ఇది నెలసరి ఆగిపోయే దశ అని, నిద్రకూ ఆవిర్లకూ దిగులుకూ వైద్యం ఉందని, కాస్త ముందే వచ్చి ఉంటే బాగుండేదని అంది. తిరిగి వచ్చేటప్పుడు కార్లో కర్టిస్ ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఆమె చేయి పట్టుకునే ఉన్నాడు.

పని లేకపోయినా తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోంది. మర్నాడు వంటింట్లో కాఫీ తాగుతుంటే లోర్నా మెడ మీదికి మళ్లీ ఆవిర్లు ఎక్కాయి. మందు ఇంకా పనిచేయడం మొదలెట్టలేదు. ఆమె కదలకుండా కూర్చుంది. లేవాలనిపించలేదు.

కర్టిస్ లేచాడు. తల్లి భుజాల మీద ఇంకో దుప్పటి కప్పాడు. తను కోటు వేసుకున్నాడు, టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. వెళ్లి కిటికీ బార్లా తెరిచి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంచు," అన్నాడు.

మంచుగాలి లోపలికి కొట్టింది. ఇన్నేళ్లూ ఆ కిటికీ తెరిస్తే చాలు, కొట్టంలోంచి గొలుసుల చప్పుడు, పాల కోసం దూడల అరుపులు వినబడేవి. లోర్నా అలవాటుకొద్దీ చెవి ఒగ్గింది. ఏమీ వినబడలేదు. అతని కోటు భుజానికి తల ఆనించి, బయట ఖాళీ కొట్టంలో దీపం ఇంకా ఎందుకు వెలుగుతోందని అడిగింది.

"ఆర్పడానికి మనసొప్పలేదు," అన్నాడు కర్టిస్.